గార తీసిన పళ్ళు, పలకని సన్నాయి

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో రక్తం ఉంది. మిలమిలలాడే ఆయుధం ఉంది. సూర్యోదయానికి ముందే గోదావరి పాయలు రెండింటిని దాటడం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఓటమి ఎరగని వీరుడు తల వంచుకుని చాప మీద కూర్చోవడం ఉంది. శపథం కూడా ఉంది, అదీ గొంతు పెంచకుండా చేసినది. ఇక్కడితో ఆపేస్తే నాకు కాస్త మర్యాద దక్కేది. కానీ జరిగింది చెప్పాలి కదా. జరిగిందల్లా మా నాన్న రామచంద్రపురం వెళ్ళి పళ్ళు క్లీనింగ్ చేయించుకోవడం.

వీరుడంటే ఆయనే. సన్నాయి వాయించేవాడు. ఆయుధమంటే డాక్టరమ్మ చేతిలో మెషీను. నేను కొడుకుని. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం, సెలవుల్లో మేళంలో రెండో సన్నాయి. రెండో సన్నాయి చేయవలసిన పని, మొదటి సన్నాయి వాయించేదే వాయిస్తూ ఎవరికీ వినపడకుండా జాగ్రత్త పడటం. ఈ రెండో భాగంలో నాకు మంచి పేరుండేది. డోలు మీద మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. శ్రుతికి కరెంటు పెట్టె. మొత్తం మేళంలో ఎవరితోనూ గొడవ పడనిది ఆ పెట్టె ఒక్కటే.

సన్నాయి పైకొసన, నోట్లో పెట్టుకునే చోట, వేలి కొసంత రెల్లు ముక్క ఉంటుంది. రెండు పెదాల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటుంది. దాన్ని పీక అంటాం. గాలి ఊదితే అది వణుకుతుంది. ఆ వణుకుడే మా కుటుంబానికి తిండి పెట్టింది. పీకలు నాన్నే కోసుకునేవాడు, నాకూ ఆయనే కోసిచ్చేవాడు. అందరూ వాటిని దారానికి గుచ్చి సన్నాయికి వేలాడదీసుకుంటారు. నాన్న కూడా అలాగే చేసేవాడు గానీ, ఒకటి మాత్రం ఎప్పుడూ ఎడమ బుగ్గన ఉండేది. ఊళ్ళో మిగతా మగవాళ్ళకి బీడీ ఎలాగో ఆయనకి అది అలాగ. బస్సులో అదే, రేషన్ షాపు దగ్గర అదే. అమ్మతో మాట పెరిగినప్పుడు మాత్రం తీసి జేబులో వేసుకునేవాడు. పీక జేబులోకి వెళ్తే నేను వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఇక పళ్ళ సంగతి. పొద్దున్నే వేపపుల్ల, భోజనం కాగానే కిళ్ళీ. మొదటిది చేసిన పుణ్యాన్ని రెండోది పూర్తిగా కడిగేసేది. నాన్న నవ్వితే కింది పళ్ళ మొదళ్ళలో కాలవ లాకుల గోడకి పట్టిన నాచులాంటిది ఒక చార కనిపించేది. ఆయన తక్కువగా నవ్వేవాడు కాబట్టి మాకు పెద్ద ఇబ్బంది ఉండేది కాదు.

ఆ ఏడు వైశాఖంలో ఒక గురువారం, మా పక్క ఊళ్ళో ఓణీల ఫంక్షన్. నాన్న మోహన రాగం వాయిస్తూ పైస్థాయికి వెళ్ళాడు. అక్కడ స్వరం పుటుక్కున తెగింది. మామూలుగా తెగదు. ముప్ఫై ఏళ్ళలో తెగలేదు. నాన్న గభాలున పీక నోట్లోంచి తీసి కండువా కొసతో తుడిచి మళ్ళీ అందుకున్నాడు. విన్నవాళ్ళు అదేదో గమకం అనుకున్నారు. ఒకాయన తల కూడా ఊపాడు.

ఇంటికొచ్చాక కండువా ఉతకబోయిన అమ్మ దాన్ని పట్టుకుని వసారాలోకి వచ్చింది.

“ఇదేంటండి?”

“కిళ్ళీ.”

“కిళ్ళీ మరక ఇరవై రెండేళ్ళుగా ఉతుకుతున్నాను. ఇది కిళ్ళీ కాదు.”

నాన్న పీక తీసి జేబులో వేసుకున్నాడు. నేను చెప్పుల కోసం చూసుకున్నాను. కానీ గొడవ కాలేదు. “చిగుళ్ళలోంచి వత్తందే,” అన్నాడు మెల్లిగా. “పై స్వరానికి పెదవి కింది పళ్ళకేసి నొక్కితే నెత్తురొత్తంది. పళ్ళు కూడా కాస్త ఊగుతున్నట్టున్నాయి. నెల రోజులైంది.”

అంతదాకా నాకు సరదాగానే ఉంది. ఊగుతున్నాయి అనేసరికి సరదా పోయింది. ఎందుకంటే ఆదివారం పెళ్ళి ఉంది. భీమవరం అవతల, చేపల చెరువులున్న పెద్ద రైతుగారింట్లో ఆయన మనవరాలి పెళ్ళి. ఆ పెద్దాయన పెళ్ళికి మా తాత వాయించాడు, ఆయన కూతురి పెళ్ళికి నాన్న వాయించాడు. మనవరాలికి కూడా ఈ సన్నాయే కావాలని, లేకపోతే ముహూర్తమే మార్పిస్తానని ఆయన కబురు పెట్టాడట. ముహూర్తాలు మార్పించగల మనుషుల ఇంట్లో స్వరం తెగితే దాన్ని గమకం అనుకోరు.

“రేపే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి,” అంది అమ్మ.

ఈ లోపు మావయ్య వచ్చాడు. మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆయనకి వాసన తగులుతుంది.

“క్లీనింగంటారు బావా. పళ్ళ మీద గారంతా గీకేత్తారు. ఆ గారే కదా పళ్ళని పట్టుకునుండేది. గోడకి గార గీకేత్తే ఇటుకలు ఆగుతాయా? మా తోడల్లుడి అన్నగారు చేయించుకున్నాడు. నెల తిరక్కుండా ముందు నాలుగూ రాలిపోయాయి.”

“ఆయన వయసెంత మావయ్యా?” అన్నాను.

“ఎనభై రెండు. అయితే మాత్రం?”

“తమ్ముడూ, నువ్వు డోలు సంగతి చూసుకో,” అంది అమ్మ.

నాన్న నవ్వలేదు. ఆయన భయం వేరు. కాసేపటికి నాతో అన్నాడు. “గార తీసేత్తే సందులు పడతాయిరా. సందుల్లోంచి గాలిపోద్ది. నేను నేర్చుకుంది ఈ నోటితో. లోపల ఎంత చోటుందో, గాలి ఎక్కడ తగిలి ఎక్కడికెళ్తాదో ఈ నోటికి తెలుసు. ఇప్పుడు లోపల గోడలు మార్చేత్తే ఎలా?”

దీనికి నా దగ్గర జోకు లేదు. నా దగ్గర జోకు లేదంటే విషయం ముదిరిందని మా ఇంట్లో లెక్క.

శుక్రవారం పొద్దున్న రామచంద్రపురం వెళ్ళాం. ఎరువుల కొట్టు మీద మేడ. మెట్లెక్కుతుంటే యూరియా బస్తాల వాసన, పైకెళ్ళాక లవంగ నూనె వాసన. బల్ల మీద మాకన్నా ముందు ఇద్దరున్నారు. లోపల్నించి మెషీను కీచుమంటోంది. నాన్న దాన్ని చాలాసేపు విన్నాడు.

“నాలుగు శ్రుతిలో మొదలవుతోంది,” అన్నాడు. “పంటికి తగలగానే దిగిపోతోంది. నిలబడట్లేదు.”

“ఊదేవాళ్ళకి పళ్ళు బాలేవేమో నాన్నా.”

ఆయన నా వైపు చూడలేదు. పీకని ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకి మార్చాడు. అలా మార్చడం నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మకి ముప్ఫై దాటి ఉండవు. నాన్న కుర్చీలో వాలగానే ఆవిడ మొదట అడిగింది నోట్లో అదేంటని.

“సన్నాయి పీకండి.”

“తీసెయ్యండి ముందు.”

“ఆయ్.”

మా వైపు ఆయ్ అంటే అలాగేనండి, చిత్తం, మీరెంత చెప్తే అంత అని మూడు కలిపి. నాన్న పీక తీసి నా చేతిలో పెట్టాడు. వెచ్చగా, తడిగా ఉంది. నేను దాన్ని జేబురుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఆవిడ చిన్న అద్దం పట్టుకుని కింది పళ్ళ వెనక భాగం నాన్నకే చూపించింది. “ఇదిగోండి. పాచి పేరుకుని పేరుకుని రాయైపోయింది. ఇదే గార. ఇది చిగుళ్ళని కిందికి తోసేస్తోంది. అందుకే నెత్తురు.”

నాన్న చూశాడు. నేనూ భుజం మీదుగా చూశాను. పళ్ళు విడివిడిగా లేవు. మొదళ్ళ దగ్గర అన్నీ కలిసి ఒకటే గోధుమ రంగు అరుగులా ఉంది. మావయ్య మాట గుర్తొచ్చింది. చూస్తే నిజంగానే అదే పట్టుకున్నట్టుంది.

“ఇది తీసేత్తే సందులు పడతాయాండీ?”

“పడినట్టు అనిపిస్తాయండి. అవి కొత్తవి కావు, ఉన్నవే. ఇన్నాళ్ళూ గార పూడ్చి ఉంచింది.”

“గాలి పోద్దాండీ?”

“మాట్లాడేటప్పుడు రెండు మూడు రోజులు కొంచెం తేడాగా ఉండొచ్చు.”

“వాయించేటప్పుడో?”

ఆవిడ అద్దం పక్కన పెట్టింది. “వాయించేటప్పుడు సంగతి నాకు నిజంగా తెలీదండి. మా కాలేజీలో సన్నాయి పాఠం లేదు.”

ఇంకే డాక్టరైనా ఏం కాదు అనేసేవాడు. ఈవిడ తెలీదంది. దాంతో గదిలో భయం రెట్టింపైంది.

“తీయించకపోతే?” అన్నాన్నేను.

“ఇంకో నాలుగైదేళ్ళు. తర్వాత ఈ ముందు నాలుగూ పోతాయి. అప్పుడు సందులుండవు, పళ్ళే ఉండవు.”

నాన్న గోడ మీద దంతాల బొమ్మని చూస్తూ ఉన్నాడు. ఆదివారమా, ఐదేళ్ళా. ఆయన బేరం అదీ. చివరికి నోరు తెరిచాడు. మాట కోసం కాదు, తెరిచి అలా ఉంచేశాడు.

కింది పెదవికి వంకీలాంటి గొట్టం తగిలించింది డాక్టరమ్మ. అది గుర్రుగుర్రుమని నోట్లో నీళ్ళు లాగుతుంటే ఇంకో చేత్తో మెషీను పెట్టింది. నీళ్ళ తుంపర, కీచుమనే శబ్దం. పది సెకన్లు గడవగానే ఆవిడ, “నొప్పుందాండీ?” అంది.

మా నాన్నని ఎవరైనా అండీ అని అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేడు. మెషీను నోట్లో ఉండగానే నోరు మూసి “ఆయ్, లేదండి,” అనబోయాడు. ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి లాగింది.

“మాట్లాడకండి. నాలుక తెగుతుంది. నొప్పుంటే ఎడమ చెయ్యెత్తండి, చాలు.”

నాన్న ఎడమ చెయ్యెత్తాడు.

“అయ్యో, ఎక్కడండీ?”

నాన్న మళ్ళీ ఎత్తాడు. ఆవిడ మెషీను ఆపేసింది. అద్దం పెట్టి వెతికింది. ఏమీ కనపడలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. “ఇప్పుడు పర్లేదాండీ?” చెయ్యి లేచింది. ఇలా ఐదుసార్లయ్యింది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. బయట బల్ల మీదవాళ్ళు లోపల ఏదో ఘోరం జరుగుతోందని లేచి తలుపు సందులోంచి చూడసాగారు.

“మేడమ్,” అన్నాన్నేను. “ఆయన నొప్పికి ఎత్తడం లేదండి. మీరడిగారు కదా అని మర్యాదకి ఎత్తుతున్నారు. మీరు అడగడం మానేస్తే సరిపోతుంది.”

ఆవిడ నాన్న వైపు చూసింది. నాన్న ఎడమ చెయ్యెత్తాడు.

తర్వాత ఆవిడేమీ అడగలేదు. శబ్దం ఒకటే మిగిలింది. అప్పుడు చూశాను, నాన్న వేళ్ళు కుర్చీ చేతి మీద కదులుతున్నాయి. సన్నాయి రంధ్రాలు మూసి తెరిచినట్టు. చూస్తుంటే అర్థమైంది, గురువారం తెగిన మోహనే. మెల్లగా పైకి వెళ్తున్నాయి వేళ్ళు. ఆ పైస్వరం దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. మళ్ళీ మొదట్నించీ. మళ్ళీ అక్కడే ఆగాయి. గంటసేపు ఆయన ఆ స్వరం ముట్టుకోలేదు.

పుక్కిలించి ఉమ్మమన్నప్పుడు బేసిన్లో ఎర్రటి నీళ్ళతో పాటు శనగ బద్దంత ముక్క ఒకటి టంగున పడింది. నాన్న వంగి దాన్ని చాలాసేపు చూశాడు. ఒంట్లోంచి ఊడిపడ్డ వస్తువుని చూసే చూపు అది. డాక్టరమ్మ కుళాయి తిప్పేసింది.

“ఇవాళ వేడివి, గట్టివి వద్దు. కిళ్ళీ మళ్ళీ ముట్టొద్దు. సాయంత్రం నుంచి వాయించుకోవచ్చు, చిగుళ్ళకేం కాదు. కానీ వాయించే ఆ కాసేపు తప్ప ఊరికే నోట్లో ఏదీ పెట్టుకోకండి. ఆ పుల్లముక్క బుగ్గన పెట్టుకుని తిరగడం పూర్తిగా మానెయ్యండి.”

“ఆయ్,” అన్నాడు నాన్న. ఆ ఆయ్‌లోంచే సన్నగా గాలి వచ్చింది.

దారంతా నాలుకతో పళ్ళ వెనక తడుముకుంటూ కూర్చున్నాడు. బస్సు కండక్టరు ఎక్కడికని అడిగితే నాకు సైగ చేశాడు. మాట్లాడితే ‘స’ దగ్గర ఈల వస్తోంది మరి. ఇంటి దగ్గర దిగాక జేబురుమాలు విప్పి పీక ఇవ్వబోయాను. బుగ్గన పెట్టుకోబోయి ఆగాడు. దారానికి గుచ్చి, మిగతావాటితో పాటు సన్నాయికి వేలాడదీశాడు. మా నాన్న అంత అక్షరాలా విన్న మాట జీవితంలో ఇంకొకటి లేదు.

సాయంత్రం నాలుగింటికి వసారాలో కూర్చుని సన్నాయి తీశాడు. అమ్మ వంకాయలు కోస్తూ వినటం లేదన్నట్టు కూర్చుంది. నాన్న పీక బిగించాడు. ఊదాడు.

ఫుస్సుమంది.

మళ్ళీ ఊదాడు. లోపలెక్కడో దూడ అరిచినట్టు ఒక ముక్క వచ్చి పోయింది. పీక మార్చాడు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. దారానికున్న ఐదూ అయిపోయాయి. అమ్మ కత్తిపీట మీద వంకాయ సగంలో ఆగింది.

“శ్రుతి పెట్టె ఆన్ చెయ్యలేదుగా నాన్నా, అందుకే,” అన్నాన్నేను.

ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

“గాలిపోతోంది,” అన్నాడు నాన్న. ఈల వేస్తున్న గొంతుతో.

శనివారం మళ్ళీ చూశాడు. ఇంకా ఘోరంగా ఉంది, దూడ కూడా అరవలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఆరనిచ్చి చూశాడు. పెదవి మడిచి చూశాడు. పళ్ళ సందుకి అడ్డంగా నాలుక పెట్టి చూశాడు. మావయ్య వచ్చి పక్కన కూర్చుని ధైర్యం చెప్పాడు. ఆయన ధైర్యం చెప్పే పద్ధతి ఏంటంటే, “నేను ముందే చెప్పాను బావా,” అని పది నిమిషాలకోసారి అనడం.

“ఇంకో మేళం వాళ్ళకి కబురు పెడదామండి,” అంది అమ్మ.

“రేపొద్దున్న పెళ్ళి పెట్టుకుని ఇవాళ కబురేంటి. ఎవడొత్తాడు.” నాన్న నా వైపు తిరిగాడు. “నువ్వు ముందు వాయించు. నేను పట్టుక్కూచుంటాను.”

“ఆ పెద్దాయనకి చెముడా నాన్నా?”

“కాదు.”

“అయితే కుదరదు.”

“కుదరాలి.” సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నాడు. “రేపు ఇది పలక్కపోతే మూటకట్టి అటకెక్కించేత్తాను. ఇంక దింపను.”

మా ఇంట్లో శపథాలకి లోటు లేదు. కిళ్ళీ మీద ఏటా ఉగాదికి ఒకటి ఉండేది. అయితే అవన్నీ వీధి చివరికి వినపడేలా చేసినవి. ఈ మాట మాత్రం వసారా దాటలేదు. మావయ్య డోలు గుడ్డ సర్దుకున్నాడు. నాన్నకి యాభైకి ఒక ఏడాది తక్కువ. ఇంకో పని రాదు. రాదనే కాదు, ఆయన ఇంకో పని చేస్తూ ఉంటే ఎలా ఉంటాడో నా ఊహకి కూడా రాలేదు.

ఆ రోజంతా నేను సాధన చేశాను. మా ఎదురింటివాళ్ళు మధ్యాహ్నానికే చుట్టాలింటికి వెళ్ళిపోయారు. అది ముందే అనుకున్న ప్రయాణమని అమ్మ అంది. అమ్మ మంచిది.

ఆదివారం తెల్లవారకముందే పెళ్ళివారి వ్యాను వచ్చింది. మండపేట, ఆలమూరు దాటి జొన్నాడ వంతెన మీదికి ఎక్కాం. కింద గౌతమి పాయ బూడిద రంగులో ఉంది. నాన్న కిటికీలోంచి నాణెం వేసి కళ్ళు మూసుకున్నాడు. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ వచ్చింది. మళ్ళీ నాణెం, మళ్ళీ కళ్ళు.

“ఉన్నది ఒకే గోదావరి కదా నాన్నా, రెండుసార్లెందుకు?” అనబోయి మానేశాను. మావయ్య మాత్రం ఆగలేకపోయాడు. “మంచిదే బావా. ఏ పాయ ముందు సముద్రానికెళ్తే అది మన మొర చెప్తాది,” అన్నాడు. నాన్న కళ్ళు తెరవలేదు.

పెళ్ళి పందిరి చెరువుగట్టు పక్కనే వేశారు. అటు చేపల చెరువులు, ఇటు వెయ్యి కుర్చీలు. మాకు వేదిక పక్కన చాప వేశారు. నేను వంటవాళ్ళ దగ్గర స్టీలు గ్లాసుతో నీళ్ళు అడిగి తెచ్చుకుని నా పీకలు రెండూ అందులో వేశాను. నేర్చుకునేవాళ్ళ పద్ధతి అది. మొదటి రోజున నాన్నే చెప్పాడు, వాయించే ముందు పీక నీళ్ళలో వెయ్యమని. ఆయన గ్లాసు పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి తిరిగినవాళ్ళకి అక్కర్లేదు కాబోలనుకునేవాణ్ణి.

పెద్దాయన చేతికర్రతో నాన్న దగ్గరికి వచ్చాడు. “ఏమయ్యా, మా మనవరాలికి మీ నాన్నలా వాయిస్తావా, నీలా వాయిస్తావా?”

“ఆయ్ అండి,” అన్నాడు నాన్న పెదాలు ఎక్కువ కదపకుండా.

“పళ్ళు మెరుస్తున్నాయేంటి?”

“శుభ్రం చేయించానండి. తమరింట్లో పెళ్ళి కదాని.”

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. నేరుగా వెళ్ళి మాకెదురుగా మొదటి వరస కుర్చీలో కూర్చున్నాడు. మా చాపకీ ఆయనకీ మధ్య నాలుగు అడుగులు.

గణపతి పూజ దగ్గర్నుంచి నేనే వాయించాను. నాన్న సన్నాయి పెదవికి ఆనించి, బుగ్గలు పొంగించి, వేళ్ళు కదిలిస్తున్నాడు. దూరం నుంచి చూస్తే ఇద్దరూ వాయిస్తున్నట్టే ఉంటుంది. వింటే మాత్రం ఉండదు. మావయ్య నా తప్పుల మీద డోలుతో గట్టిగా కొడుతూ వచ్చాడు. అరగంటకే ఆయన చెయ్యి వాచింది. పెద్దాయన ఒకసారి తల తిప్పి చూశాడు. కాసేపటికి ఇంకోసారి చూశాడు. మూడోసారి చూసినప్పుడు తల తిప్పలేదు, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

పది ఇరవైకి ముహూర్తం. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మధ్య అడ్డతెర పట్టారు. ఇద్దరి చేతుల్లో జీలకర్ర బెల్లం. ఆ క్షణంలో గట్టిమేళం మోగాలి. ఎందుకంటే ఎవరి తుమ్మూ దగ్గూ పాడుమాటా వాళ్ళ చెవిన పడకూడదు. మొదటి వరసలో పెద్దాయన పక్కనే ఒకావిడకి పొద్దుట్నుంచీ జలుబు. ఆవిడ ముక్కుకి రుమాలు పెట్టుకుని పైకి చూస్తోంది.

పంతులుగారు గడియారం చూసి చెయ్యి పైకెత్తారు. “మేళం, మేళం.”

నేను ఊపిరంతా తీసుకుని ఊదాను. భయం ఎక్కువై పళ్ళు బిగుసుకున్నాయి. నోట్లో చిటుక్కుమంది. పీక కొరికేశాను. సన్నాయి ఆగిపోయింది. డోలు ఒక్కటే మోగుతోంది, చావుకి కొట్టినట్టు.

“మేళం,” అన్నారు పంతులుగారు మళ్ళీ. చెయ్యి ఇంకా పైనే ఉంది.

నాన్న నా వైపు చూడలేదు. చెయ్యి చాచి గ్లాసులో ఉన్న నా రెండో పీక తీశాడు. తన సన్నాయికున్నది ఊడబెరికి ఇది బిగించాడు. నీళ్ళ చుక్క చొక్కా మీద పడింది. కళ్ళు మూసుకుని ఊదాడు.

వచ్చింది.

మెల్లగా కాదు, కిందినుంచి కాదు. తిన్నగా ఆ పైస్వరం దగ్గరే వచ్చింది, గురువారం తెగిన చోట, కుర్చీ చేతి మీద వేళ్ళు ఆగిపోయిన చోట. వచ్చి నిలబడింది. తెర దిగేదాకా, జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టేదాకా, అక్షింతలు మొత్తం పడేదాకా నిలబడింది. జలుబావిడ ఒళ్ళంతా ఊగేలా తుమ్మడం నేను చూశాను. చూశానంతే, వినపడలేదు. మావయ్య వాచిన చేత్తోనే వాయించాడు. పెద్దాయన తల తిప్పేసి మనవరాలిని చూసుకోసాగాడు.

నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. అక్షింత ఒకటి పడిందని చెప్పాను. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నాన్న ఆపకుండా గంటసేపు వాయించాడు. నన్ను రెండో సన్నాయిగా కూడా రానివ్వలేదు, నాకూ పీక లేదు. భోజనాలకి లేచేముందు ఆయన పీక ఊడదీసి వెలుగులోకి పట్టి చూశాడు. కొసన తడి మెరుస్తోంది. తర్వాత గ్లాసు వైపు చూశాడు. తర్వాత దారానికి వేలాడుతున్న తన పీకల్ని ఒకటి పట్టుకుని వేళ్ళ మధ్య నొక్కాడు. ఎండుటాకులా కరకరమంది.

ముప్ఫై ఏళ్ళుగా ఆయన నోరే ఆయన గ్లాసు. ఎప్పుడూ బుగ్గన ఒకటి నానుతూ ఉండేది, అవసరమైనప్పుడు అదే బిగించేవాడు. తడపాలని తెలియక కాదు. తడుపుతున్నానని తెలియక. బుగ్గన ఏదీ పెట్టుకోవద్దని డాక్టరమ్మ అంది, ఆయన ఆయ్ అన్నాడు, శుక్రవారం నుంచీ ఎండిన రెల్లు ఊదుతూ పళ్ళని తిట్టుకున్నాడు.

నేను నోరు తెరిచాను.

“ఒక్క మాటన్నావంటే నడిచి రావాలి ఇంటికి,” అన్నాడు నాన్న. మధ్యలో ఈల కూడా వచ్చింది. పీకలన్నీ దారంతో సహా గ్లాసులో జారవిడిచాడు.

తిరుగు ప్రయాణంలో మావయ్య కొత్త సిద్ధాంతం చెప్పాడు. గార పోయాక గాలి అడ్డం లేకుండా తిన్నగా వెళ్తోందని, అందుకే పైస్వరం అలా నిలబడిందని, ఈ సంగతి తాను ముందే చెప్పానని. నాన్న కాదనలేదు. సిద్ధాంతం వంతెన మీద నాణెం వేశాడు. జొన్నాడ దగ్గర ఇంకోటి వేశాడు. సన్నాయి అటకెక్కలేదు. శపథం సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మకి జరిగింది చెబితే ఆవిడ వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి, అడుగున మేకుతో గుర్తు గీసి, సన్నాయి సంచిలో పెట్టింది.

పీక మామూలు నీళ్ళలో పది నిమిషాలు నానాలి. గోరువెచ్చని నీళ్ళయితే ఐదు నిమిషాలు చాలు.